శివారు భూమికి నీరందినదా?
వీడియో ప్రసార వ్యవస్థలకు భారపరీక్ష

ప్రకాశం బ్యారేజీ వద్ద కాలువలకు నీరు వదలిన దినమున ఆ వార్త పత్రికలలో వచ్చును. ఎన్ని క్యూసెక్కులు వదలిరో ఆ లెక్కయు వచ్చును. కాని ఆ నీరు తెనాలి దాటి, రేపల్లె దాటి, నిజాంపట్నం మండలములోని అడవులదీవి వంటి తీరగ్రామములకు చేరుటకు ఎన్ని దినములు పట్టినదో, చేరునప్పటికి ఎంత మిగిలినదో శివారు రైతునకే తెలియును. తల వద్ద కొలిచిన లెక్క సత్యమే. శివారు మడి ఎండినదను మాటయు సత్యమే. ఈ రెండు సత్యములకు నడుమ గల దూరమే ఈ వ్యాసమునకు విషయము. అయితే ఇచ్చట పారునది నీరు కాదు, పాఠము.

2020వ సంవత్సరమున కరోనా వలన విద్యాలయములు మూతపడినపుడు పాఠములన్నియు ఫోనులలోనికి వచ్చినవి. మా ప్రాంతమున నేనెరిగిన ఒక విద్యార్థిని సాయంకాలపు తరగతికై ప్రతిదినము ఫోను పట్టుకొని డాబా పైకి పోవుచుండెడిది. ఒకనాడు అధ్యాపకులు పేరు పిలుచు వేళకు ఆమె ఫోనులో బొమ్మ నిలిచిపోయి, చక్రము మాత్రము తిరుగుచున్నది. ఆమె పలికిన మాట అటు చేరునప్పటికి పేర్ల పిలుపు ముగిసినది. హాజరు పట్టీలో ఆమె గైర్హాజరు. ఆ నెల నివేదికలో మాత్రము వ్యవస్థ సగటున చక్కగా పనిచేసినదని వ్రాసియున్నది. ఆ నివేదిక అసత్యము కాదు. కాని అది ఆమె ఫోనును కొలువలేదు.

నేడు అనేక విద్యాసంస్థలు పాఠములను, సభలను, వార్షికోత్సవములను వీడియో రూపమున ఇండ్లకు పంపుచున్నవి. పంపుటకు ముందు ఆ వ్యవస్థ ఎంత భారమును మోయగలదో పరీక్షించు పద్ధతులు ఉన్నవి. వాటిని కంప్యూటరు శాస్త్రజ్ఞులు లోడ్ టెస్టింగు, బెంచిమార్కింగు అని పిలుచుచున్నారు. మొదటిదానిని భారపరీక్ష అనియు, రెండవదానిని ప్రామాణిక తులనము అనియు మనము చెప్పుకొనవచ్చును. విద్యార్థులును, కళాశాల కమిటీ వారును ఈ రెండింటి స్వరూపమును తెలిసికొనుట అవసరము.

గాలిలో ప్రసారము – తీగలో ప్రవాహము

1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జూలై 31వ తేదీ వరకు మన దేశమున ‘సైట్’ అను ఉపగ్రహ విద్యాప్రసార ప్రయోగము జరిగినది. అమెరికా వారి ఎ.టి.ఎస్.–6 ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు పంపబడినవి. తెలుగు పల్లెలలో తెలుగు కార్యక్రమములే వచ్చినవి. ఆ విధానములో ఒక విశేషమున్నది. ఒక గ్రామము చూచినను, వేయి గ్రామములు చూచినను ఉపగ్రహమునకు భారము పెరుగదు. వాన ఒక చేనుపై కురిసినను, పది చేలపై కురిసినను మేఘమునకు తేడా లేదు గదా!

ఇంటర్నెట్ ద్వారా వచ్చు వీడియో అట్టిది కాదు. అది వానవంటిది కాక కాలువవంటిది. చూచు ప్రతివ్యక్తికిని ప్రత్యేకముగా ఒక ధార పారవలెను. పాఠము యొక్క వీడియోను మొదట కుదించి, కొద్ది సెకన్ల నిడివిగల చిన్న చిన్న తునకలుగా చేయుదురు. ప్రతి తునకను పలు స్థాయిల నాణ్యతలో సిద్ధము చేసి, వాటి జాబితాతో సహా సర్వరు నందు ఉంచుదురు. విద్యార్థి ఫోనులోని ప్లేయరు ఆ జాబితాను చదివి, ఒకదాని తరువాత ఒకటిగా తునకలను అడిగి తెచ్చుకొనును. మార్గము విశాలముగా నున్న మేలైన నాణ్యతను, ఇరుకైన తక్కువ నాణ్యతను అదియే ఎన్నుకొనును. ఆపిల్ సంస్థ 2009లో ప్రకటించిన హెచ్.ఎల్.ఎస్. పద్ధతియు, 2012లో అంతర్జాతీయ ప్రమాణముగా ప్రచురింపబడిన డాష్ పద్ధతియు ఈ సూత్రముపైననే నడచుచున్నవి.

ముందుగా తెచ్చిపెట్టుకొన్న తునకల నిలువను బఫరు అందురు. ఇంటిలోని నీళ్ళ తొట్టి వంటిది అది. కుళాయి సన్నగిలినను తొట్టిలో నీరున్నంతసేపు పని జరుగును. తొట్టి ఖాళీయైనపుడు ఫోనుపై చక్రము తిరుగుట ఆరంభమగును. దానినే మనము బఫరింగు అని విసుగుకొనుచుందుము.

ఇప్పుడొక చిన్న లెక్క చూతము. నల్లబల్లపై అక్షరములు చదువదగిన ఒక పాఠమునకు సెకనుకు 1 మెగాబిట్ చొప్పున డేటా కావలెననుకొందము. 600 మంది ఏకకాలమున చూచినచో సెకనుకు 600 మెగాబిట్లు కావలెను. కళాశాల నుండి వెలుపలికి పోవు మార్గము 100 మెగాబిట్లదే అయినచో, అది పూర్తిగా నిండినను నూరుగురికి మించి అందదు. ఇక ఒక గంట పాఠమునకు ప్రతి విద్యార్థి ఫోనులో 450 మెగాబైట్ల డేటా ఖర్చగును. ఈ లెక్క కాగితముపై వేయుటకు పది నిమిషములు చాలును. అయినను అది వేయకనే పని ఆరంభించువారు అనేకులు.

భారపరీక్ష యననేమి?

2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ గుండా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయినది. ఆ కట్టడము సుమారు 11.9 లక్షల క్యూసెక్కులకు రూపొందింపబడినది. హద్దునకు దాపున వచ్చిన ఆ వరద నిజమైన పరీక్షయే. కాని ఆ పరీక్షను నది పెట్టినది; ఇంజనీరు పెట్టినది కాదు. బ్యారేజీని పరీక్షించుటకై కృత్రిమముగా వరదను సృష్టించుట ఎవరికిని సాధ్యము కాదు.

కంప్యూటరు వ్యవస్థలకు ఆ భాగ్యమున్నది. నిజమైన జనము రాకముందే కృత్రిమ ప్రేక్షకులను సృష్టించి, వారిచేత వీడియో తునకలను అడిగించి, ఎచ్చట తెగునో ముందుగా చూడవచ్చును. ఇదియే భారపరీక్ష. ఇందులో నాలుగు విధములు ముఖ్యమైనవి. రావలసినంత జనము వచ్చినపుడు వ్యవస్థ నిలుచునా అని చూచుట మొదటిది. తెగువరకు భారము పెంచి హద్దు తెలిసికొనుట రెండవది. ఒక్కసారిగా జనము విరుచుకుపడినపుడు ఏమగునో చూచుట మూడవది. మితమైన భారముతోనే గంటల తరబడి, దినముల తరబడి నడిపి, మెల్లమెల్లగా బయటపడు లోపములను కనుగొనుట నాలుగవది.

ప్రామాణిక తులనము వేరు. ఒకే వీడియో, ఒకే మార్గము, ఒకే భారము – ఇట్లు షరతులన్నియు సమానముగా నుంచి రెండు సర్వరులనో, రెండు పద్ధతులనో పోల్చుట అది. షరతులు మారినచో పోలిక చెల్లదు. ఒక ఎద్దును మెట్ట దుక్కిలోను, ఇంకొక ఎద్దును రొంపి దుక్కిలోను పూన్చి ఏది బలమైనదో తేల్చుట న్యాయము కాదు గదా!

ఎంతమంది కృత్రిమ ప్రేక్షకులు కావలెనను ప్రశ్నకు లిటిల్ సూత్రము అను గణితసూత్రము సమాధానము చెప్పును. నిమిషమునకు వచ్చువారి సంఖ్యను ఒక్కొక్కరు సగటున నిలుచు నిమిషములతో గుణించినచో, ఏకకాలమున లోపలనుండువారి సంఖ్య వచ్చును. నిమిషమునకు పదిమంది వచ్చి, ఒక్కొక్కరు 30 నిమిషములు చూచినచో లోపల 300 మంది ఉందురు.

జనము విరుచుకుపడిన రాత్రులు

తెలుగు ప్రేక్షకులకు జ్ఞాపకముండదగిన ఉదాహరణమొకటి ఉన్నది. తెలుగు కార్యక్రమములకై 2020లో ఆరంభమైన ‘ఆహా’ వేదికపై నందమూరి బాలకృష్ణ నిర్వహించు ‘అన్‌స్టాపబుల్’ కార్యక్రమమునకు నటుడు ప్రభాస్ అతిథిగా వచ్చిన భాగము 2022 డిసెంబరు 29వ తేదీ రాత్రి విడుదలైనది. అభిమానులు ఒక్క పెట్టున రాగా యాప్ స్తంభించిపోయినది. ఆ సంస్థయే ఈ విషయమును బహిరంగముగా తెలిపి, సరిచేయుచున్నామని ప్రకటించినది. జనాదరణయే వ్యవస్థకు భారమైన రాత్రి అది.

ఇంతకన్న పెద్ద సంఖ్యలు క్రికెట్టులో కనబడును. 2019 జూలైలో భారత్, న్యూజిలాండ్ జట్ల నడుమ జరిగిన ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్ నందు ఏకకాలమున 2 కోట్ల 53 లక్షల మంది చూచిరి. 2023 నవంబరు 19వ తేదీన అహమ్మదాబాదులో జరిగిన ఫైనల్ నాటికి ఆ సంఖ్య 5 కోట్ల 90 లక్షలకు చేరినది. ఆ సంస్థ ఇంజనీర్లు పోటీలకు ముందే వేలాది యంత్రములతో కృత్రిమ జనసముద్రమును సృష్టించి తమ వ్యవస్థను పరీక్షించుకొన్న విధమును తరువాత సభలలో వివరించిరి.

వారు చెప్పిన ఒక సంగతి మనకు మిక్కిలి ఉపయోగకరము. జనము వచ్చునప్పుడే గాక పోవునప్పుడు కూడ ప్రమాదమున్నది. 2019 సెమీఫైనల్‌లో ధోని రనౌటు కాగానే ప్రేక్షకులు నిరాశతో వెనుకకు మరలిరి. ఫోనులో వెనుకకు మరలుట యనగా యాప్ యొక్క మొదటి పుటకు వచ్చుట. అంతవరకు వీడియో తునకలను మాత్రమే అడుగుచున్న లక్షలాది ఫోనులు ఒక్కసారిగా మొదటి పుటను అడుగసాగినవి. నాటకము నడుచునంతసేపు ఖాళీగా నున్న ద్వారము వద్ద, నాటకము ముగిసిన క్షణమున తొక్కిసలాట యగునట్లు ఇది. కావున వీడియో పారు మార్గమునే గాక, ప్రవేశ ద్వారమును, లాగిన్ పుటను, హాజరు నమోదును కూడ పరీక్షింపవలెను. తరగతి 9 గంటలకైనచో అందరును 8 గంటల 58 నిమిషములకే ద్వారము తట్టుదురు.

సగటు చెప్పని సంగతి

పరీక్ష చేసిన పిదప ఏమి కొలువవలెను? సర్వరు వైపున ప్రాసెసరు ఎంత శ్రమపడినది, మార్గము ఎంత నిండినది, ఎన్ని కోరికలు విఫలమైనవి అను లెక్కలుండును. ఇవి తల వద్ద కొలతలు. ప్రేక్షకుని వైపున బొమ్మ ఎన్ని సెకన్లకు మొదలైనది, మధ్యలో ఎంతసేపు ఆగినది, నాణ్యత ఎన్నిసార్లు పడిపోయినది అను లెక్కలుండును. ఇవి శివారు కొలతలు. రెండును కావలెను, కాని తీర్పు రెండవదానిపై ఆధారపడవలెను.

నూరుగురు విద్యార్థులలో 90 మందికి 1 సెకనులో బొమ్మ వచ్చినది, మిగిలిన 10 మందికి 16 సెకన్లు పట్టినదనుకొందము. మొత్తము 250 సెకన్లు. సగటు రెండున్నర సెకన్లు. చూచుటకు ఇది మంచి లెక్కయే. కాని రెండున్నర సెకన్లు వేచిన విద్యార్థి ఆ నూరుగురిలో ఒక్కడును లేడు! అందువలన నిపుణులు సగటును విడిచి, నూటికి 95వ వాని అనుభవమును, 99వ వాని అనుభవమును వేరుగా వ్రాయుదురు. పై ఉదాహరణములో 95వ వాని నిరీక్షణ 16 సెకన్లు. అప్పుడే లోపము బయటపడును. ఈ చివరి భాగమును ఆంగ్లములో టెయిల్, అనగా తోక, అని పిలుచుచున్నారు. మన రైతు దానిని ఎన్నడో శివారు అన్నాడు.

బొమ్మ నాణ్యతను కొలుచుటకును సాధనములున్నవి. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2016లో అందరికిని విడుదల చేసిన వి.మాఫ్ అను సాధనము 0 నుండి 100 వరకు మార్కులు వేయును. కాని పాఠమునకు ఆ మార్కులు చాలవు. నాణ్యత మిక్కిలి తగ్గినపుడు నటుని ముఖము గుర్తుపట్టవచ్చును గాని, నల్లబల్లపై తెలుగు వత్తు కనబడదు. ఉర్దూ లిపిలో బే, పే, తే అను అక్షరములకు భేదము నుక్తాలలోనే ఉన్నది. నుక్తా చెరిగినచో పదమే మారును. మనవంటి రెండు భాషల కళాశాలలో బొమ్మ కనబడినదా అను ప్రశ్న చాలదు. అక్షరము చదువవచ్చునా అని అడుగవలెను.

పరీక్షలలో మోసపోవు విధములు

పరీక్ష చేయకపోవుట ఒక తప్పు. పరీక్ష చేసి మోసపోవుట అంతకన్న పెద్ద తప్పు. ఏలయన, అప్పుడు ధైర్యము కూడ కలుగును. సాధారణముగా జరుగు పొరపాటులు ఇవి.

మొదటిది, సర్వరు ఉన్న గదిలోనే పది కంప్యూటర్లు పెట్టి పరీక్షించుట. ఆ గదిలో మార్గము పొట్టిది, విశాలమైనది; తునక యేదియు దారిలో నశింపదు. లాకుల వద్ద నీరు చూచి శివారు పండునని చెప్పుట వంటిది ఇది. లైనక్స్ నందలి నెట్‌ఎమ్ వంటి సాధనముతో మార్గమును కావలెనని ఇరుకు చేసి, ఆలస్యమును, నష్టమును కల్పించి పరీక్షింపవలెను.

రెండవది, కృత్రిమ ప్రేక్షకుడు తునకలను ఎంత వేగముగా వచ్చిన అంత వేగముగా లాగుకొనుట. నిజమైన ప్లేయరు తన తొట్టి నిండగానే ఆగి, ఆడిన మేరకే తరువాతి తునకను అడుగును. ఆగకుండ లాగు సాధనము కొలుచునది ఫైలు దిగుమతిని గాని వీడియో ప్రవాహమును కాదు. జేమీటర్ వంటి ప్రసిద్ధ సాధనములను వాడునప్పుడు కూడ ఈ విరామములను మనమే అమర్చవలెను.

మూడవది, అందరిచేతను ఒకే పాఠమును అడిగించుట. తరచుగా అడుగబడు తునకలను సర్వరులు దగ్గరి నిలువలలో దాచుకొనును. ఊరి చెరువులో నీరున్నపుడు కాలువతో పనిలేనట్లు, ఒకే పాఠము అడిగినపుడు అసలు సర్వరుకు శ్రమయే ఉండదు. ప్రత్యక్ష ప్రసారమునకు ఇట్టి పరీక్ష సరియే. కాని పరీక్షల ముందు విద్యార్థులు తలకొక పాత పాఠమును తెరచినపుడు ఫలితము వేరుగా నుండును.

నాలుగవది, భారము పుట్టించు యంత్రమే అలసిపోవుట. వేయిమంది ప్రేక్షకులవలె నటింపవలసిన కంప్యూటరు తానే నిండిపోయినచో, దోషము సర్వరుదని భ్రమపడుదుము.

ఐదవది, అన్నియు బాగుగా నున్న దినముననే పరీక్షించుట. మన రాష్ట్రములో 2017 డిసెంబరున నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తన తీగలను అధికభాగము విద్యుత్ స్తంభములపైననే నడిపినది. అందువలన తక్కువ వ్యయముతో పల్లెలకు చేరగలిగినది. కాని స్తంభము ఒరిగిన తీగయు ఒరుగును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. కావున ఒక మార్గమును బుద్ధిపూర్వకముగా తెంచి, రెండవ మార్గము ఎన్ని నిమిషములకు అందుకొనునో చూచుట మన తీరమునకు అలంకారము కాదు, అవసరము.

మన కళాశాల చేయదగినది

ఇంతయు విన్న పిదప, ఇది పెద్ద సంస్థల పనియే గాని మన పని కాదని కొందరు అనుకొనవచ్చును. అట్లు కాదు. మనము పాఠములను కళాశాల సర్వరు నుండి పంపక, యూట్యూబు వంటి పెద్ద వేదికపై ఉంచినచో తల వద్ద భారము వారిదగును. శివారు పరీక్ష మాత్రము మనదే. ఏలయన, అడవులదీవిలోని ఒక డాబాపై రాత్రి 8 గంటలకు టవరు సంకేతము ఎట్లుండునో ఏ మహానగరములోని ఇంజనీరుకును తెలియదు. మన విద్యార్థికి తెలియును.

కంప్యూటరు విభాగపు విద్యార్థులు ఇరువదిమంది ఈ పని చేయవచ్చును. పట్టణమున కొందరు, రేపల్లె వంటి చిన్న ఊళ్ళలో కొందరు, తీరగ్రామములలో కొందరు ఉండునట్లు ఎన్నుకొనవలెను. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి మూడు వేళలయందును ఒకే పాఠమును పది నిమిషములు చూచి మూడు సంగతులు నోటు పుస్తకములో వ్రాయవలెను: బొమ్మ మొదలగుటకు పట్టిన సెకన్లు, మధ్యలో ఆగిన మొత్తము సెకన్లు, నల్లబల్లపై ఆఖరి పంక్తి చదువగలిగినదీ లేనిదీ. ఒక వారము ఇట్లు చేసినచో 420 నమోదులు లభించును. ఇందుకు గడియారము, ఓపిక తప్ప వేరు పరికరము అక్కరలేదు.

పరీక్షకు ముందే ఉత్తీర్ణతా నియమమును నిర్ణయించుకొనవలెను. నూటికి 95 నమోదులలో బొమ్మ 5 సెకన్లలోపు రావలెననియు, పది నిమిషములలో ఆగిన కాలము 6 సెకన్లు మించరాదనియు నిర్ణయింపవచ్చును. ఫలితము చూచిన తరువాత నియమమును మార్చుట, మార్కులు చూచిన తరువాత ప్రశ్నపత్రమును మార్చుట వంటిదే. ప్రతి ప్రాంతపు ఫలితమును వేరుగా వ్రాయవలెను గాని అన్నింటిని కలిపి సగటు తీయరాదు.

తీరగ్రామములు ఉత్తీర్ణము కానిచో విద్యార్థిని నిందించుట తగదు, పాఠమునే మార్చవలెను. నల్లబల్లపై అక్షరములు పెద్దవిగా వ్రాయవచ్చును. ధ్వని మాత్రమే గల పాఠమును జతచేయవచ్చును. రద్దీ లేని వేకువజామున దించుకొని తరువాత చూచుకొను ఏర్పాటు చేయవచ్చును. అన్నింటికంటె ముఖ్యముగా, ప్రత్యక్ష ప్రసారపు హాజరును ఆ క్షణముననే మూసివేయక మరునాటి వరకు తెరచియుంచవలెనని కమిటీ వారికి నా మనవి. ఈ ఒక్క నిర్ణయమునకు పైసా ఖర్చు లేదు.

కొలుచుట యనునది సాంకేతిక కార్యమే. కాని ఎచ్చట నిలిచి కొలువవలెనని నిర్ణయించుట న్యాయమునకు సంబంధించిన కార్యము. తల వద్ద నిలిచి కొలిచినవానికి కాలువ ఎప్పుడును నిండుగనే కనబడును. మన కళాశాల తన కొలబద్దను శివారున నాటినచో, డాబాపై ఫోను పట్టుకొని నిలిచిన ఆ విద్యార్థిని పేరు ఇకమీదట హాజరు పట్టీలో తప్పిపోదు.